కంబర్ ఆకురాయి

మా ఆయన కంబర్ అనుమానపు పక్షి. చాటుగా అంటున్న మాట కాదిది, ఎదుటే అంటాను. ఆయన కూడా అవునన్నట్టు తలూపుతాడు. టీ గ్లాసు చేతికిస్తే ముందు అడుగు వైపు చూస్తాడు. గుడారం తాడు నేను బిగిస్తే తను వచ్చి మళ్ళీ లాగి చూస్తాడు. పెళ్ళినాడు మా అమ్మ వడ్డించిన గోధుమ నూకల బుల్గుర్‌లో రాళ్ళున్నాయేమోనని చెంచాతో కెలికాడు. మా వాళ్ళు ఆ సంగతి ఇప్పటికీ తలుచుకుని పడీ పడీ నవ్వుతారు. ఇలాంటి మనిషితో కాపురం ఎలా చేశావే అని అడుగుతారు నన్ను. ఏం చేస్తాను, నా మీద ఆయనకున్న అనుమానాలన్నీ నేను నిజం చేసి చూపించలేకపోయాను, అంతే.

మేం తహ్తాజీలం. టారస్ కొండల్లో చెట్లు కొట్టడం మా తాతల నాటి నుంచి వస్తున్న పని. ఎండలు ముదరగానే సామాను ట్రాక్టరుకెత్తి పైకి పోతాం. అడవి శాఖ వాళ్ళు ఏ ఇంటికి ఏ వాలు ఇస్తే అక్కడ గుడారం వేస్తాం. మగవాడు రంపం పడితే ఆడది కొమ్మలు నరుకుతుంది, బెరడు ఒలుస్తుంది, దుంగకు మోకు కడుతుంది. మంచు పడే రోజులు దగ్గరకొచ్చాక సముద్రం వైపు ఊళ్ళోకి దిగుతాం. చలికాలమంతా అక్కడే.

కంబర్ ఆ గుడారాల్లోనే పుట్టాడు. వాళ్ళ నాన్న కాలంలో ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని లాగే రంపాలుండేవి. మోటారు రంపాలు వచ్చేసరికి ఈయన పెళ్ళికాని కుర్రాడు. అప్పుడు ఎవరిదో రంపం అడిగి తెచ్చుకున్నాడట. "చైను చూశాను, బాగానే ఉంది" అన్నాడట ఆ రంపం ఇచ్చినవాడు. మొదటి దుంగకే చైను తెగి గడ్డం మీద కొట్టింది. ఆ మచ్చ మీద ఇప్పటికీ వెంట్రుక మొలవదు. "బాగానే ఉంది" అన్న మాట ఎవరి నోట విన్నా ఆయన చెయ్యి ఆ మచ్చ మీదికే పోతుంది.

అందుకే రంపానికి పదును పెట్టే పని ఎవరికీ ఇవ్వడు. పొద్దున్నే గుడారం ముందు మొద్దుకు దిగేసిన ఇనప బిగింపులో రంపం బద్దను బిగిస్తాడు. ఇంజను చల్లగా ఉండాలి. ప్లగ్గు తొడుగు ఊడదీసి పక్కకు తిప్పుతాడు. ఊడదీశాక కూడా, అది తనంతట తనే వెళ్ళి తగులుకుంటుందేమో అన్నట్టు దానికేసి ఓ చూపు చూస్తాడు. తోలు తొడుగులు వేసుకుని చైను లాగి బిగువు చూస్తాడు. మొదటి పంటి మీద నీలం రంగు చుక్క పెడతాడు, ఎక్కడ మొదలుపెట్టాడో మరిచిపోకుండా. ఇక గుండ్రటి ఆకురాయి తీసి, పంటి లోపలి నుంచి బయటికి తోస్తాడు. ముందుకే తోస్తాడు, వెనక్కి గీకడు. ఒక పక్క పళ్ళన్నీ అయ్యాక అటు తిరిగి రెండో పక్క. ఏ పన్నూ పక్కదాని కన్నా పొట్టిగా ఉండకూడదు, ఉంటే కోత వంకర పోతుంది. రంపం తురుములు తురుములుగా ఊస్తుంటే పదునున్నట్టు, పిండిలా రాలుతుంటే మొద్దుబారినట్టు. పిండి కనపడగానే ఎంత పనిలో ఉన్నా ఆపేస్తాడు.

ప్రతి పంటి ముందూ ఒక చిన్న బొడిపె ఉంటుంది. ఈ కథంతా ఆ బొడిపె గురించే, కాబట్టి కాస్త వినాలి. పన్ను కొయ్యలోకి ఎంత లోతు దిగాలో చెప్పేది ఆ బొడిపె. దాన్ని బల్లపరుపు ఆకురాయితో ఎప్పుడో ఒకసారి, రేకు కొలత పెట్టి చూసి, ఒక రవ్వ తగ్గించాలి. ఎక్కువ తగ్గించారా, పన్ను నమలగలిగిన దానికన్నా పెద్ద ముద్ద కరుస్తుంది. రంపం గుంజుకుపోతుంది. ఎక్కడైనా ముక్కు తగిలితే ఎగిరి మనిషి మొహం మీదికే వస్తుంది. దాన్ని మేం రంపం తన్నడం అంటాం.

కంబర్ రెండు రంపాలకు పదును పెడతాడు. ఒకటి మాది, రెండోది బెక్తాష్‌ది. బెక్తాష్ ఆయన ముసాహిబ్. అంటే దారి తమ్ముడు. మాలో పెళ్ళయిన ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళ భార్యలు, నలుగురూ కలిసి మా నమ్మకపు దారికి గురువైన పెద్దాయన ముందు ఒట్టు వేసుకుంటారు. ఆ రోజు నుంచి రొట్టె సగం, బరువు సగం, తప్పు సగం. తోడబుట్టిన వాడితోనైనా మాటలు మానుకోవచ్చు గానీ దారి తమ్ముడి మీద అనుమానం పెట్టుకోకూడదు. ఒకడు తప్పుచేసి పడిపోతే రెండోవాడూ వాడితోపాటు పడిపోయినట్టే. పడిపోయిన ఇంటికి ఎవరూ పలకరింపుగా రారు, ఆ పొయ్యి నిప్పు ఎవరూ తీసుకోరు. ఇంత అనుమానం మనిషికి ఆ ఒట్టు ఎలా వేయించారా అని నాకు మొదటి నుంచీ వింతే. కానీ బెక్తాష్ ఒక్కడి విషయంలో మా ఆయన ఏ తాడూ లాగి చూడలేదు. వాడు ఇచ్చిన టీ గ్లాసు అడుగు కూడా చూడలేదు. నాకు కాస్త కుళ్ళుగానే ఉండేది.

ఆ వేసవి చివర్లో ఒకనాడు బెక్తాష్ పడిన చెట్టుకు కొమ్మలు తీస్తున్నాడు. రంపం ముక్కు చాటున ఉన్న కొమ్మకు తగిలింది. తన్నింది. ముందున్న బ్రేకు పడి చైను ఆగింది కాబట్టి సరిపోయింది, టోపీ అంచున గీత మిగిలింది. వాడి భార్య దొనె కెవ్వుమని కూర్చుండిపోయింది. బెక్తాష్ నవ్వేశాడు.

"ఏం కాలేదే, టోపీకి ముద్దు పెట్టి పోయింది."

కంబర్ నవ్వలేదు. రంపం తీసుకుని, చల్లారేదాకా పక్కన కూర్చుని, బిగింపులో పెట్టాడు. రేకు కొలత పెట్టి చూశాడు. బొడిపెలన్నీ తొక్కేసినట్టు కిందికి దిగి ఉన్నాయి.

"ఎషె, ఇలా రా" అని పిలిచాడు. ఎషె అంటే నేనే. "నా ఆకురాళ్ళ పెట్టె ముట్టుకున్నావా?"

"నీ పెట్టె నాకెందుకయ్యా, అందులో ఏమన్నా బంగారం ఉందా?"

"ఈ గీతలు చూడు. నా గీతలు ఇటు వాలతాయి. ఇవి అటు వాలాయి. ఎడంచేత్తో గీకినవి."

మా గుడారాల్లో ఎడంచేతి వాటం ఇద్దరికే ఉంది. ఒకరు నేను. ఆయన చూపు నా ఎడంచేతి మీదే ఆగింది. నాకు ఒళ్ళు మండింది.

"నేనా? నేనెందుకు గీకుతాను? నీ తమ్ముణ్ణి చంపి దొనె కొంప కూల్చాలనా?"

"అడిగాను, అంతే."

"పొయ్యి మీద ఒట్టు, నేను ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఈ పొయ్యి ఆరిపోవాలి."

పొయ్యి మీద ఒట్టు మేం ఊరికే వేయం. ఆయన నమ్మాడు. నమ్మిన మరుక్షణం ఆయన మొహం పాలిపోయింది. నా మీద అనుమానం పోతే మిగిలిన ఎడంచెయ్యి బెక్తాష్‌ది ఒక్కటే గదా. ఆ మనిషి అంతసేపు నన్ను అనుమానించింది, నేనైతే బాగుండునని. అది అర్థమయ్యాక నాకు కోపం నిలవలేదు.

సాయంత్రం బెక్తాష్ మా పొయ్యి దగ్గరికొచ్చి కూర్చున్నాడు. కంబర్ అటూ ఇటూ తిప్పకుండా అడిగాడు.

"తమ్ముడూ, బొడిపెలు నువ్వు గీకావా?"

"నేనా? పదును పెట్టేది నువ్వాయె. నేనెందుకు ముట్టుకుంటానన్నా?"

అంటూ నిప్పులకేసి చూశాడు. మా ఆయనకేసి చూడలేదు. నేను చూశాను, కంబరూ చూశాడు. మర్నాడు కంబర్ ఆ రంపానికి కొత్త చైను వేశాడు. నాలుగు రోజులు పోయాక పళ్ళు చూద్దామని బిగింపులో పెడితే, బొడిపెల మీద అదే వాలు గీతలు.

అప్పుడు మా ఆయన చేసిన పని చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. కిందికెళ్ళిన ట్రాక్టరు వాడితో తాళం తెప్పించి, ఆకురాళ్ళ పెట్టెకు వేశాడు.

మా గుడారాలకు తలుపులే ఉండవు. తాళం అన్న వస్తువు ఆ వాలు మీద ఎవరూ చూసి ఉండరు. దాన్ని దారి తమ్ముడికి ఎదురుగా వేయడమంటే వాడి మొహాన ఉమ్మడమే. మధ్యాహ్నానికల్లా అన్ని గుడారాలకూ తెలిసిపోయింది. పక్క వాలు జాఫెర్ పనిగట్టుకుని వచ్చి చూసి పోయాడు.

"కంబరన్నా, ఈ కొండకు కూడా ఒకటి వెయ్యరాదూ? మేకలు ఎత్తుకుపోతాయేమో" అన్నాడు.

దొనె మాత్రం నవ్వడానికి రాలేదు. యుఫ్కా రొట్టెలు కాల్చే కర్ర చేతిలో అలాగే పట్టుకుని వచ్చింది.

"అక్కా, బావగారికి మేం దొంగల్లా కనపడుతున్నామా? మీ ఇంటి ఉప్పు మా కూరలో, మా ఇంటి పిండి మీ రొట్టెలో. ఇప్పుడు తాళమా? రేపు దిగాక పెద్దాయన ముందు ఏం చెప్తారు? నలుగురం పడిపోతాం, తెలుసా?"

"నాకు చెప్పకే, ఆ మహానుభావుడికి చెప్పు" అన్నాను.

మహానుభావుడు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే బెక్తాష్ రంపం చైను కూడా ఊడదీసి తన దగ్గరే పెట్టుకునేవాడు, పొద్దున కొలత చూసి బిగించి ఇచ్చేవాడు. బెక్తాష్ కాదనలేదు. కాదనకపోవడం నాకు ఇంకా అనుమానం పుట్టించింది. తప్పు లేనివాడు ఊరుకుంటాడా?

అనుమానం గజ్జి లాంటిది, పక్కలో ఉంటే అంటుకుంటుంది. నేనూ వాడి మీద కన్నేశాను. మాకన్నా ముందు వాలు ముగించి వచ్చే ఏడు మంచి వాలు అడగాలనా? గీకిన రంపం వేగంగా కోస్తుంది కదా, కాసేపు. లేకపోతే తాగుతున్నాడా? టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుంటున్నాడు. పంచదార బిళ్ళ వేళ్ళలోంచి జారిపోతోంది. ఒకరోజు పొద్దున వాడి చొక్కా గుండీలు దొనె పెడుతుంటే చూశాను. ఇంత వయసొచ్చాక ఈ సరసమేమిటో అనుకున్నాను. పొద్దున్నే మైకంలో ఉన్నాడన్నమాట అని కూడా అనుకున్నాను. ఈ మాటే కంబర్ చెవిన వేశాను.

"వాసన వచ్చిందా?" అన్నాడు.

"లేదు."

"అయితే తాగలేదు." నాకేసి తిరిగి, "చలి రోజుల్లోనే అలా ఉంటాడా, ఎండలోనూనా?" అని అడిగాడు.

నేను అంత గమనించలేదు.

మంచు గాలి మొదలైంది. గుడారాలు పీకి ఊళ్ళోకి దిగాం. చలికాలం మొదట్లో మా జనమంతా ఒక గదిలో చేరే సాయంత్రం ఒకటి ఉంటుంది. అక్కడ దారి అన్నదమ్ములు జంట జంటగా పెద్దాయన ముందు నిలబడాలి. "మీలో ఒకరి మీద ఒకరికి మనసులో ఏమన్నా ఉందా?" అని అడుగుతాడాయన. "లేదు, సమ్మతమే" అనాలి. ఎవరైనా ఒకరు ఆ మాట అనలేకపోతే దీపం వెలిగించరు. పాట మొదలవదు, వండిన అన్నం వడ్డించరు. ఊరంతా కూర్చుని ఉంటుంది. అబద్ధంగా సమ్మతం అన్నవాడు ఆ అన్నాన్ని అశుద్ధం చేసినట్టే.

ఆ సాయంత్రం బయల్దేరే ముందు ఆయన చొక్కా తొడుక్కుంటుంటే నిలదీశాను.

"ఏమంటావు అక్కడ?"

"తెలీదు."

"తెలీదేమిటయ్యా! సమ్మతం అనేసెయ్. నా కొంప పడగొట్టకు."

"అనేస్తే వచ్చే వేసవి వాడు మళ్ళీ రంపం పడతాడు. మళ్ళీ గీకుతాడు. ఈసారి టోపీ మీదే గీత పడుతుందని నాకెవడు హామీ ఇస్తాడు?"

"అయితే గీకాడని అందరి ముందూ చెప్పు."

"ఎందుకు గీకాడో తెలియకుండా ఎలా చెప్పను?"

దారంతా చల్లగాలి కొడుతోంది. బెక్తాష్ వాళ్ళు మా వెనకే నడిచారు, నాలుగడుగుల దూరంలో. ఎప్పుడూ పక్కపక్కనే నడిచేవాళ్ళం.

మా హిదిర్ పెద్దాయన గొర్రెతోలు మీద కూర్చుని ఉన్నాడు. మా వంతు వచ్చింది. నలుగురం చెప్పులు విడిచి, తల వంచి, చేతులు పట్టుకుని నిలబడ్డాం. నా ఎడమ పక్కన కంబర్, ఆయన చేతిలో బెక్తాష్ చెయ్యి, ఆ అవతల దొనె.

"మనసులో ఏమన్నా ఉందా?" అన్నాడు పెద్దాయన.

తాళం సంగతి తెలియనివాడు ఆ గదిలో లేడు. ఎవరో దగ్గి ఊరుకున్నారు. దొనె ఊపిరి నాకు వినపడుతోంది.

"కంబర్, అడుగుతున్నాను."

మా ఆయన తల ఇంకాస్త వంచి చేతిలోని చేతికేసి చూస్తున్నాడు. నేనూ చూశాను. బెక్తాష్ వేళ్ళు రెండో కణుపు దాకా మైనంలా తెల్లబడి ఉన్నాయి, రక్తమన్నది లేనట్టు. కంబర్ బొటనవేలి గోరును మెల్లగా వాడి చూపుడు వేలి మీద పెట్టి నొక్కాడు. ఇంకా నొక్కాడు. గోరు దిగింది. చిన్న నెత్తుటి చుక్క పైకి వచ్చింది. బెక్తాష్ పెద్దాయనకేసే చూస్తున్నాడు, రెప్ప కూడా ఆడలేదు.

కంబర్ గొంతు సవరించుకున్నాడు.

"సమ్మతం కాదు."

గదిలో కలకలం రేగింది. దొనె ఏడుపు మొదలుపెట్టింది. పెద్దాయన చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"ఏం చేశాడు నీకు?"

"నా సగం నాకివ్వలేదు."

"ఏ సగం?"

"రొట్టె సగం ఇచ్చాడు. బరువు సగం ఇచ్చాడు. రోగం మాత్రం మొత్తం తనే మింగాడు." అంటూ ఆ చేతిని పైకెత్తాడు. "నెత్తురొచ్చేలా గిచ్చాను. వీడికి తెలియదు."

బెక్తాష్ తన వేలికేసి చూసుకున్నాడు. నెత్తురు ఎవరిదో అన్నట్టు చూశాడు. ఆ తర్వాత వాడి మొహం ముడతలు పడిపోయింది.

"చలి తగిలితే వేళ్ళు చచ్చిపోతున్నాయన్నా" అన్నాడు. "రంపం అదురుకు ముందు తిమ్మిరెక్కేవి, ఇప్పుడు రంపం దింపాక కూడా తిరిగి రావట్లేదు. నొక్కి పట్టలేను. బొడిపెలు తగ్గిస్తే రంపం తనే లాక్కుపోతుంది గదా అని..."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే రంపం లాక్కుంటావు."

"లాక్కుంటాను."

"చూశావా మరి!"

వెనక నుంచి ఎవరో నవ్వారు, జాఫెరే అయ్యుంటాడు. ఆ నవ్వుకు దొనె ఏడుస్తూనే నవ్వింది. "గుండీలు పెట్టలేడక్కా. ఒట్టు వేయించుకున్నాడు నాచేత" అంది నాతో. నేను సరసం అనుకున్న సంగతి ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు, చెప్పను కూడా.

"ఇద్దరి తప్పూ ఉంది" అన్నాడు పెద్దాయన. "దాచినవాడిదీ, ఇంకోసారి అడగకుండా తాళం వేసినవాడిదీ. రంపం దించుతావా బెక్తాష్?"

రంపం దించిన మగవాడు మాలో ఎండు కొమ్మలు పోగేసుకోవలసినవాడే. చివరికి, "దించుతాను" అన్నాడు బెక్తాష్.

అప్పుడు కంబర్ జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి తీసి బెక్తాష్ అరచేతిలో పెట్టాడు. పట్టు తెలియదని వాడి వేళ్ళు తనే ఒక్కొక్కటిగా మడిచాడు.

"పెట్టె నీది. కోత నాది. రెండు ఇళ్ళ పళ్ళకూ ఇక నువ్వే పదును పెట్టు. పొయ్యి పక్కన కూర్చుని పెట్టు. ఆకురాయి అదరదు."

నా పెళ్ళయినప్పటి నుంచి ఆ ఆకురాయి నేను తుడవడానికి కూడా ముట్టుకోలేదు, ఆయన ముట్టుకోనివ్వలేదు.

"మళ్ళీ అడుగుతున్నాను" అన్నాడు పెద్దాయన.

"ఇప్పుడు సమ్మతం" అన్నాడు కంబర్. దీపం వెలిగించారు.

పట్నంలో డాక్టరు కూడా అదే మాట చెప్పాడు: అదిరే పనిముట్టు పట్టుకోకూడదు, చేతులు వెచ్చగా ఉంచుకోవాలి, సిగరెట్టు మానాలి. సిగరెట్టు సంగతి వినగానే బెక్తాష్ ఆ డాక్టరుకు ఏమీ తెలియదని తేల్చేశాడు. దొనె ఆ డబ్బీ పొయ్యిలో పడేసింది.

ఈ వేసవి పైకి వచ్చాం. బెక్తాష్ ఉన్ని తొడుగుల మీద తోలు తొడుగులు వేసుకుని, పొయ్యి పక్కన పదును పెడతాడు. వేలికి తెలియనిది కంటితో చూసుకుంటాడు. ప్రతి పంటికీ కొలత పెడతాడు, అందుకే కంబర్‌కు పట్టినదానికి రెట్టింపు సేపు పడుతుంది. చైను మీద గీతలన్నీ ఇప్పుడు ఎడంచేతి వాలే. కంబర్ రంపం ఎత్తే ముందు వచ్చి రేకు కొలతతో మళ్ళీ అన్నీ చూస్తాడు.

"అనుమానపు పక్షీ, తాళంచెవి ఇచ్చి లాభమేముంది?" అంటాడు బెక్తాష్.

"చెవి ఇచ్చాను. కళ్ళు ఇవ్వలేదు."

పళ్ళు చూడటం అయ్యాక తొడుగులు తీయించి వేళ్ళు చూస్తాడు. ఒక్కొక్కటీ గిచ్చుతాడు. తెలుస్తోందా అని అడుగుతాడు. లేదంటే తలూపి వెళ్ళిపోతాడు. మొన్న పొద్దున కంబర్ ఇంకా పళ్ళు చూడక ముందే బెక్తాష్, "చిటికెన వేలు కాస్త తెలుస్తోందన్నా" అన్నాడు.

"అబద్ధం. రంపం కోసం చెప్తున్నావు."

"పొయ్యి మీద ఒట్టు."

"ఒట్టు వద్దు. కళ్ళు మూసుకో."

బెక్తాష్ మూసుకున్నాడు. కంబర్ చిటికెన వేలు గిచ్చాడు. "ఏ వేలు?"

"చిటికెన వేలు."

ఉంగరపు వేలు గిచ్చాడు. బెక్తాష్ పలకలేదు. మళ్ళీ చిటికెన వేలు గిచ్చాడు, అది చెప్పాడు. అప్పుడు మా ఆయన చేతులు వెనక్కి తీసేసుకుని, ఊరికే కూర్చుని అడిగాడు.

"ఇప్పుడు ఏ వేలు?"

"ఏదీ కాదు. నువ్వు ముట్టుకోలేదు, ముసలి దొంగా!"

కంబర్ లేచి రంపం భుజాన వేసుకుని చెట్ల వైపు నడిచాడు. ఆ రోజు కొలత పెట్టడం మరిచిపోయాడు. బెక్తాష్ కంటబడకుండా నేనే రేకు కొలత పట్టుకుని పరుగెత్తి పిలిచి, పళ్ళు చూపించి పంపాను.